రెక్కల వణుక్కి లెక్క కట్టిన ఓల్గా

లింగంపేటలో ఎల్లారెడ్డి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. బస్సు నెమ్మదిగా పోతున్నంతసేపూ వదులైన ఆ అద్దం బుద్ధిగానే ఉంటుంది. ఒక వేగం దాటిందా... గడగడమని మొదలుపెడుతుంది. బస్సు కాబట్టి మనం చెయ్యి అడ్డంపెట్టి ఊరుకుంటాం. అలాంటి వణుకే చిన్న విమానం రెక్కకి పుడితే? ఆ ప్రశ్నతో యుద్ధకాలంలో మూడేళ్లు కుస్తీపట్టిన ఒకావిడ గురించి చెబుతాను. పేరు ఓల్గా టాస్కీ. గణితం చదివినవాళ్లకి బాగా తెలిసిన పేరే.

ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న ఓలోమౌట్స్ ఊళ్లో 1906 ఆగస్టు 30న పుట్టింది. ముగ్గురు ఆడపిల్లల్లో నడిమిది. తండ్రి ఆస్ట్రియాలోని లింజ్‌లో వెనిగర్ ఫ్యాక్టరీ చూసేవాడు. రకరకాల ఘాటున్న వెనిగర్లు కలిపినప్పుడు, చట్టం ఒప్పుకునే పులుపు రావాలంటే ఎన్ని నీళ్లు పొయ్యాలో లెక్క తేల్చమని స్కూలు పిల్లకి అప్పజెప్పాడాయన. ఆమె తయారుచేసిన పట్టిక ఫ్యాక్టరీలో గోడకెక్కింది! పాపం, స్కూలు చదువు ఆఖరి ఏడాదిలో ఉండగానే తండ్రి పోయాడు. ట్యూషన్లు చెప్పుకుంటూ ఇంటికి ఆసరా అయింది. వియన్నా యూనివర్సిటీలో చేరి 1930లో డాక్టరేట్ తీసుకుంది. సంఖ్యాశాస్త్రం ఆమె ప్రాణం. ఏ ఇంజనుకీ, ఏ వంతెనకీ పనికిరాని శుద్ధ గణితమని అప్పట్లో అందరూ అనుకునే శాస్త్రం అది.

1931లో జర్మనీలోని గట్టింగెన్‌కి పిలుపొచ్చింది. హిల్బర్ట్ అనే మహా గణితవేత్త వ్యాసాలను అచ్చుకి సిద్ధం చెయ్యాలి. అంత పెద్దాయన రాతల్లోనూ తప్పులు కనబడితే దిద్దింది. మరుసటి ఏడాది మళ్లీ రావద్దని అక్కడివాళ్లే సలహా ఇచ్చారు. కారణం ఆమె యూదురాలు కావడమే. అక్కణ్ణుంచి అమెరికా, కేంబ్రిడ్జి, చివరికి లండన్. 1938లో సాటి గణితవేత్త జాన్ టాడ్‌ని పెళ్లాడింది. ఏడాది తిరక్కుండానే యుద్ధం. ఆ యుద్ధం ముగిసేలోపు 18 సార్లు ఇల్లు మారారట. సామాను సర్దడమే ఒక ఉద్యోగం!

1943లో లండన్ దగ్గర టెడింగ్టన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో చేరింది. రాబర్ట్ ఫ్రేజర్ అనే ఆయన నడిపే బృందం. వాళ్ల పని ఒక్కటే... ఫ్లటర్, అంటే రెక్కల వణుకు.

బస్సు అద్దాన్ని కదిపేది ఇంజను, రోడ్డు. విమానం రెక్కని కదిపేది గాలే. రెక్క పైకీ కిందికీ వంగుతుంది, కాస్త మెలి కూడా పడుతుంది. మామూలు వేగంలో ఆ ఊపుని గాలే అణిచేస్తుంది. వేగం పెరిగేకొద్దీ వంపూ మెలికా ఒకే తాళంలో పడతాయి. ఉయ్యాల వెనక్కొచ్చిన ప్రతిసారీ సరిగ్గా అదను చూసి తోస్తే ఏమవుతుంది? అలా గాలి రెక్కని తోస్తూ పోతుంది. కొద్ది క్షణాల్లో రెక్క విరిగిపోవచ్చు.

ఇదేదో దూరపు సంగతి అనుకోకండి. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల సంచులు తెచ్చింది పస్ మాత్ అనే బుల్లి విమానంలో. ఆ రకం విమానాలు కొన్ని ఆ ఏళ్లలోనే గాలిలో విరిగి కూలాయి. పరిశోధకుల అనుమానం రెక్కని మోసే బద్దె వణకడం మీదికి పోయింది. దానికి ఊతం బిగించారు.

మళ్లీ ఓల్గా దగ్గరికొద్దాం. ఒక వేగంలో ఊపు తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది మాత్రికల లెక్క. ఇంటర్లో మన పిల్లలు ఎందుకొచ్చిన బాధరా అనుకుంటూ చేసే మాత్రికలే! నేను లెక్కలు చెప్పే క్లాసులో ఏటా ఒక పిల్లయినా ఇవి ఎందుకని అడుగుతుంది. కంప్యూటర్లు లేని రోజులు. ఆడపిల్లల గుంపు ఒకటి చేత్తో తిప్పే మెషీన్ల ముందు కూర్చుని అంకెలు కలిపేది. ఆరు వరసలు, ఆరు నిలువు గడులున్న మాత్రికకే ప్రాణం పోయేది. ఓల్గా చూసిన దారి వేరు. గెర్ష్‌గోరిన్ అనే సోవియట్ గణితవేత్త 1931లో చెప్పిన చిన్న సూత్రాన్ని పట్టుకుంది. మాత్రికలోని అంకెలతో కొన్ని వలయాలు గీస్తే, కావలసిన జవాబులన్నీ ఆ వలయాల్లోనే ఎక్కడో ఉంటాయి. తప్పిపోయిన మేకని ఊరంతా వెతక్కుండా, ఫలానా వాడలోనే ఉందని చెప్పినట్టన్నమాట. ఆ పిల్లల శ్రమ ఎంత తగ్గిందో!

ఇలాంటి లెక్కల ఫలమే చిన్న విమానంలో వేగం చూపే డయల్ మీది ఎర్ర గీత. పచ్చ రంగు మేర మామూలు వేగం. పసుపు మేరలోకి గాలి ప్రశాంతంగా ఉంటేనే వెళ్లాలి. ఎర్ర గీతని ఎప్పుడూ దాటకూడదు. వణుకు పుట్టే వేగం ఎంతో లెక్కగట్టి, ఎగిరి పరీక్షించి, దానికి చాలా ఇవతలే గీత గీస్తారు. పైకెళ్లినకొద్దీ గాలి పలచబడి డయల్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి అక్కడ మరింత జాగ్రత్త. రెక్క చివరి కదిలే పలకకి అదనంగా రంగు పూసినా బరువు పొందిక చెడి వణుకు రావచ్చు. అందుకే రంగేశాక మళ్లీ తూకం చూస్తారు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో 2016 జూన్‌లో మన దేశపు తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు పట్టాలందుకున్నారు కదా, వాళ్లకీ ఇలాంటి హద్దులే.

యుద్ధం అయ్యాక భార్యాభర్తలు అమెరికా వెళ్లారు. 1957లో ఇద్దరికీ కాల్‌టెక్‌లో ఉద్యోగాలు. ఆయన ప్రొఫెసరు, ఈవిడ పరిశోధనా సహచరి. అంత పేరున్న మనిషికి ఆ హోదా ఏమిటో, నాకైతే మింగుడుపడదు. 1963లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆ ఏటి మహిళగా ఎంపిక చేస్తే, తోటివాళ్లంతా మగవాళ్లే కాబట్టి ఈ ఒక్క బిరుదుకీ ఎవరూ అసూయపడరని సంబరపడింది. పూర్తి ప్రొఫెసర్ పదవి 1971లో గానీ రాలేదు. అప్పటికి వయసు 64. కాల్‌టెక్‌లో ఆ పదవి అందుకున్న తొలి మహిళ ఆమే.

యుద్ధంలో అంటుకున్న మాత్రికల పిచ్చి మాత్రం చివరిదాకా వదల్లేదు. సంఖ్యాశాస్త్రాన్నీ మాత్రికల్నీ కలిపి రాస్తూనే ఉంది. 1995 అక్టోబర్ 7న పాసడీనాలో కన్నుమూసింది.