రైతు గోడును తెరకెక్కించిన గూడవల్లి రామబ్రహ్మం

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని మన కార్యదర్శి గారు కోరినారు. రాజకీయ నాయకుల గురించి, కవుల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా రెవెన్యూ శాఖలో పహాణీలు, రిజిస్టర్ల మధ్య గడిపిన గుమస్తాను. అందుకే భూమి బాధను సినిమాగా తీసి చిక్కుల్లో పడిన ఒక దర్శకుణ్ణి ఎంచుకున్నాను. ఆయన గూడవల్లి రామబ్రహ్మం గారు.

రామబ్రహ్మం గారు 1902లో కృష్ణా జిల్లా నందమూరులో జన్మించారు. చిన్న వయసులోనే జాతీయోద్యమం వైపు మొగ్గారు. సినిమాల్లోకి రాకముందు ఆయన పత్రికా సంపాదకులు. మద్రాసులో 'ప్రజామిత్ర' పత్రికను నడిపారు. సంఘంలో మార్పు రావాలని రాసిన కలం అది. అయితే మన దేశంలో చదువు వచ్చినవారు ఆనాడు ఎందరు? పత్రిక చదవలేని వాడికి కూడా బొమ్మ అర్థమవుతుంది. ఆయన సినిమా వైపు తిరగడంలోని విశేషం ఇదేనని నాకనిపిస్తుంది.

తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు తెరమీద ఎక్కువగా పురాణ కథలే. అటువంటి కాలంలో సారథి ఫిలిమ్స్ పతాకంపై రామబ్రహ్మం గారు 1938లో 'మాలపిల్ల' తీశారు. కథ గుడిపాటి వెంకటచలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. బ్రాహ్మణ యువకుడు హరిజన యువతిని ప్రేమించడం, హరిజనుల ఆలయ ప్రవేశం, ఇవీ అందులోని విషయాలు. కాంచనమాల కథానాయిక. డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు గారు ఛాందస బ్రాహ్మణుడైన సుందరరామశాస్త్రి పాత్ర వేశారు. సనాతనులు గొడవ చేసినా జనం విరగబడి చూశారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1939లో. అంటే చట్టం కన్నా ఏడాది ముందే సినిమా ఆ గుడి తలుపు తట్టింది.

విజయం వచ్చిన తర్వాత సుఖంగా ఉండే కథ ఒకటి తీసుకుని డబ్బు చేసుకోవచ్చును. ఆయన ఆ పని చేయలేదు. 1937లో ఏర్పడిన కాంగ్రెస్ మంత్రివర్గం జమీందారీ రైతుల స్థితిగతుల విచారణకు టంగుటూరి ప్రకాశం పంతులు గారి అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. 1938లో నివేదిక వచ్చింది. ఊరూరా రైతు సభలు జరుగుతున్నాయి. రామబ్రహ్మం గారు ఆ వేడిలోనే 'రైతుబిడ్డ' తీశారు. 1939 ఆగస్టులో విడుదలైంది.

కథ మనకు కొత్తది కాదు. నర్సిరెడ్డి అనే చిన్న రైతు షావుకారు దగ్గర అప్పు చేస్తాడు. ఆ షావుకారు జమీందారు మనిషి. ఎన్నికలలో రైతు జమీందారు అభ్యర్థికి కాకుండా రైతుల తరఫు అభ్యర్థికి ఓటు వేస్తాడు. దానితో కష్టాలు మొదలవుతాయి. దౌర్జన్యం, జప్తు, కుటుంబం రోడ్డున పడడం. నర్సిరెడ్డి పాత్రను మహానటుడు బళ్లారి రాఘవ గారు ధరించారు. ఆయన వృత్తిరీత్యా వకీలు, రంగస్థలంమీద మేరునగం. టంగుటూరి సూర్యకుమారి గారు నటించారు. కొసరాజు రాఘవయ్య చౌదరి గారు సినిమాకు పాటలు రాయడం దీనితోనే మొదలు. త్రిపురనేని గోపీచంద్ గారు కూడా ఈ చిత్రంతోనే రచయితగా సినీరంగంలో ప్రవేశించారు.

ఇందులో ఒక వింత ఉంది. సారథి ఫిలిమ్స్ వెనుక ఉన్నవారు చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ గారు, స్వయానా జమీందారు. జమీందారు సొమ్ముతో జమీందారీని విమర్శించే చిత్రం తయారైంది! తోటి జమీందార్లు ఊరుకోలేదు. వెంకటగిరి, బొబ్బిలి సంస్థానాల వారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వారి ఒత్తిడి వల్ల కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధానికి గురైంది. కష్టపడి తీసిన బొమ్మ, ఎవరికోసం తీశారో ఆ రైతులలో చాలామందికి చేరకుండానే ఆగిపోయింది.

ఈ సినిమాలో నాకు మింగుడుపడని విషయం ఒకటి ఉంది. చివరికి జమీందారు మనసు మారుతుంది. మా ప్రాంతం చరిత్ర తెలిసినవాడికి ఇది నమ్మశక్యం కాదు. చిల్పూరు గుట్ట చుట్టుపక్కల ఊళ్లలో పెద్దల నోట నేను విన్నది వెట్టి గురించే. మా నాయన కూడా దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ గారు తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగినాడు. మా వైపు ఏ దొర మనసూ దానంతట అది మారలేదు. పోరాటం తర్వాత చట్టాలు వచ్చాయి. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం. మద్రాసు వైపు 1948లో ఎస్టేట్ల రద్దు.

చట్టం వచ్చినా కాగితం కదలాలి కదా! నేను ఎల్.డి.సి.గా చేరిన డెబ్భైల కాలంలో రక్షిత కౌలుదార్లకు 38-ఇ సర్టిఫికెట్ల పని జరుగుతున్నది. మా నాయన పేరు ఒక రిజిస్టరులో ఉంది, మరో దానిలో లేదు. ఆ ఒక్క పేరు కోసం ఆయన ఒక కార్యాలయం చుట్టూ ఏళ్లతరబడి తిరిగినాడు. సర్టిఫికెట్ రాకముందే కన్నుమూసినాడు. ఆ తర్వాత నా బల్లమీదికి వచ్చిన ఏ రైతు కాగితాన్నీ మర్నాటికి ఉంచకూడదని అనుకున్నాను. అన్నిసార్లూ నిలబెట్టుకున్నానని చెప్పలేను.

'రైతుబిడ్డ' దెబ్బ తర్వాత కూడా రామబ్రహ్మం గారు కలం, కెమెరా వదలలేదు. 'ఇల్లాలు' (1940), 'అపవాదు' (1941), 'పత్ని' (1942), 'పంతులమ్మ' (1943) తీశారు. 1945లో కాంభోజరాజు కథ ఆధారంగా 'మాయాలోకం' వచ్చింది. అందులో అక్కినేని నాగేశ్వరరావు గారు నటించారు. చివరగా 'పల్నాటి యుద్ధం' మొదలుపెట్టారు. కులాల గోడలు దాటి అందరినీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి కథ అది. 'మాలపిల్ల' నాడు ఎత్తుకున్న విషయానికే ఆయన మళ్లీ వచ్చారు.

కానీ అది పూర్తి చేసే అదృష్టం ఆయనకు లేకపోయింది. 1946 అక్టోబరు 1న, నలభై నాలుగవ ఏట కాలధర్మం చెందారు. మిగిలిన చిత్రాన్ని ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తి చేయగా 1947లో విడుదలైంది. అదే 1946 ఏప్రిల్‌లో బళ్లారి రాఘవ గారు, జూలైలో మా కడవెండి కొమరయ్య, అక్టోబరులో రామబ్రహ్మం గారు పోయారు. తెర రైతు, నిజం రైతు, ఆ రైతు కథ చెప్పినవాడు ముగ్గురూ ఒకే సంవత్సరంలో వెళ్లిపోయారు. జమీందారీల రద్దును వారిలో ఒక్కరూ చూడలేదు.

మనం పెన్షను తీసుకుంటూ మనవలతో కాలక్షేపం చేస్తున్నాము. వారికి సినిమాల పిచ్చి ఎక్కువ. ఈసారి ఇంట్లో సినిమాల మాట వచ్చినప్పుడు రామబ్రహ్మం గారి పేరు కూడా చెప్పండి. మీ తాతలు ఎవరి పొలం దున్నారో, ఆ పొలం మీ పేరున ఎట్లా వచ్చిందో కూడా చెప్పండి. పాస్‌బుక్కులో ఆ కథ ఉండదు.

— విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, రెవెన్యూ శాఖ, చిల్పూరు