యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరమున భీమవరమునందు జన్మించిరి. మదరాసులో వైద్యవిద్య ముగించి అమెరికాకేగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు సలిపి, 1940లో లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరిరి.

ఆయన పుట్టిన గోదావరిసీమకు బోదకాలు చిరపరిచితమైన వ్యాధి. దోమకాటువలన దేహమున జొచ్చు దారమువంటి పురుగులు శోషరసనాళములలో పెరిగి కాళ్లను వాపెక్కించును. దానికి నమ్మదగిన మందు లేకుండెను. సుబ్బారావుగారి నాయకత్వమున శాస్త్రజ్ఞులు పెక్కు రసాయనములను కూర్చి, వ్యాధి సోకిన జంతువులపై ఒక్కొక్కదానినే పరీక్షించిరి. 1947లో హెట్రజాన్ అను మందు వెలువడెను. అది రక్తమున తిరుగు పిల్లపురుగులను నశింపజేయును. వాచిన కాలిని పూర్వరూపమునకు తేజాలదు. ముందుగా పుచ్చుకొన్నవారిని వాపునుండి కాపాడును.

మరుసటి సంవత్సరమే, 53 ఏండ్ల ప్రాయమున, ఆయన న్యూయార్కులో దివంగతులైరి. బోదకాలు గల మండలములలో భారత ప్రభుత్వము నేటికిని ఆ మందును ప్రజలకు ఉచితముగ పంచుచున్నది.