అల్లూరి సీతారామరాజు – తుపాకులు గొప్పవా, మనుషులు గొప్పవారా?

మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు గారు 1897వ సంవత్సరం జూలై 4వ తేదీన విశాఖపట్నం జిల్లా పాండ్రంగి గ్రామంలో జన్మించారు. తండ్రి వెంకటరామరాజు, తల్లి సూర్యనారాయణమ్మ. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆయనకు గుర్రపు స్వారీ, మూలికల వైద్యం, జాతకాలు అంటే ఇష్టం. 1917లో కృష్ణదేవిపేట వచ్చి సన్యాసి లాగా ఉండిపోయారు. ఇవన్నీ అందరికీ తెలుసు కాబట్టి తొందరగా చెప్పేస్తున్నాను. నేను రాయాలనుకున్నది ఆయన చేసిన యుద్ధం గురించి. మంచి తుపాకులు ఉన్నవాళ్ళే గెలుస్తారని మా తరగతిలో కొందరు అన్నారు. ధైర్యం ఉంటే చాలని కొందరు అన్నారు. రెండూ పూర్తిగా నిజం కాదని నాకు అనిపిస్తుంది.

అప్పుడు మన సారపాక నైజాం రాజ్యంలో ఉండేది. గోదావరి దాటితే భద్రాచలం తాలూకా ఇంగ్లీషు వాళ్ళది. రాజు గారి పోరాటం ఇంకా తూర్పున గూడెం, రంప కొండల్లో జరిగింది. 1882 నాటి అటవీ చట్టం వచ్చిన తర్వాత అక్కడ పోడు కొడితే నేరం, కట్టె కొట్టినా నేరం. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ జనాన్ని రోడ్డు పనికి పట్టుకుపోయి కూలి సరిగ్గా ఇచ్చేవాడు కాదు. బట్టిపనుకుల మునసబు గాం గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర ఇది ఓర్చుకోలేక రాజు గారితో కలిసినారు.

రాజు గారు ముందుగా తుపాకుల కోసం పోలేదు. ఊరూరా తిరిగి కల్లు, సారా మానమన్నారు. తగాదాలు వస్తే కోర్టుకు పోకుండా పంచాయితీలోనే తీర్చుకోమన్నారు. జబ్బు చేస్తే మందు ఇచ్చారు. ఇట్ల కొన్నేళ్ళు గడిచినాయి. నా లెక్కలో అసలు తర్ఫీదు ఇదే. మాట వినే మనుషులు తయారైనారు.

ఆ తర్వాతనే తుపాకులు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడినారు. మూడు చోట్ల కలిపి 26 తుపాకులు దొరికినాయి. తీసుకున్నవాటికి లెక్క రాసి మరీ పెట్టి పోయినారు! దొంగలు అట్ల రాస్తారా?

సర్కారు ఊరుకోలేదు. తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ మంచి తుపాకులతో, పోలీసులతో వచ్చినారు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర కొండ దారిలో రాజు గారి మనుషులు పొంచి కూర్చున్నారు. ముందు నడిచిన మన దేశపు పోలీసులను ఏమీ చేయకుండా పోనిచ్చినారు. వెనుక తెల్లవాళ్ళు వచ్చినాకనే కాల్చినారు. ఇద్దరూ అక్కడనే చనిపోయినారు. వేటకు పోయేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. గాలి ఎటు ఉందో చూసుకొని, ఎండుటాకు చప్పుడు కాకుండా కూర్చోవాలి. ముందు వచ్చినదాని మీద తొందరపడి బాణం వేస్తే మంద అంతా పారిపోతుంది. చేతిలో తుపాకి ఉన్నా సరే, అంతసేపు ఆగటం రావాలి కదా.

కానీ ధైర్యం ఒక్కటే చాలు అనేవాళ్ళు పెదగడ్డపాలెం సంగతి కూడా తెలుసుకోవాలి. 1922 డిసెంబరు 6న అక్కడి వరిచేలలో పోరు జరిగింది. సర్కారు వాళ్ళు పెద్ద తుపాకులు తెచ్చినారు. ఆ పగలు, ఆ రాత్రి కలిపి రాజు గారి మనుషులు 12 మంది చనిపోయినారు. వరిచేలో దాక్కోటానికి చెట్టు లేదు, బండ లేదు. అక్కడ తుపాకిదే పైచేయి. ఇంకొక కష్టం తూటాలు. అక్టోబరులో అడ్డతీగల స్టేషనుకు పోతే పోలీసులు ఆయుధాలు ముందే దాచేసినారు. విల్లుకు వెదురు అడవిలో దొరుకుతుంది గాని తూటా దొరకదు. తూటా లేని తుపాకి కర్రతో సమానం.

సర్కారు కూడా బుద్ధి తెచ్చుకుంది. మలబారు స్పెషల్ పోలీసులను, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను దింపింది. వాళ్ళు కొండల్లో, అడవుల్లో నడవటం నేర్చినవాళ్ళు. మామూలు పోలీసుల దగ్గర కూడా తుపాకులు ఉన్నాయి కదా, అయినా వాళ్ళతో కాలేదు. అందుకే అడవి తెలిసినవాళ్ళను వెతికి తెచ్చుకున్నారు. దానితోపాటు ఊళ్ళ మీద జరిమానాలు వేసినారు. తిండి గింజలు కొండకు పోకుండా ఆపినారు. నాకు ఇదే పెద్ద దెబ్బ అనిపిస్తుంది. ఆకలితో ఏడ్చే పిల్లలను పెట్టుకొని ఏ తల్లి ఎన్నాళ్ళు ధైర్యంగా ఉంటుంది? దాన్ని పిరికితనం అనకూడదు.

1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ అనే అధికారిని ప్రత్యేకంగా పంపినారు. మే 7న మంప దగ్గర రాజు గారు పట్టుబడినారు. కొయ్యూరులో మేజర్ గుడాల్ ఆయనను చెట్టుకు కట్టించి, విచారణ లేకుండా కాల్పించాడు. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. మొదట దొరికిన తుపాకులు కూడా 26. కృష్ణదేవిపేటలో దహనం చేసినారు. 2022లో ఆ కొండలన్నీ కలిపి ఆయన పేరుతో జిల్లా పెట్టినారు.

మిగిలినవాళ్ళ గురించి ఎవరూ ఎక్కువ రాయరు, కాబట్టి నేను రాస్తున్నాను. రాజు గారు పోయినా గంటం దొర లొంగిపోలేదు. ఇంకో నెల పోరాడి జూన్‌లో చనిపోయినాడు. మల్లు దొర అంతకు ముందే 1923లో దొరికిపోయినాడు. ఆయనను అండమాన్ జైలుకు పంపినారు. తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు.