ముఖారి ఏ వెర్షన్?

అన్నమయ్య అంటే మనలో చాలామందికి సినిమా గుర్తొస్తుంది. నేను ఆయన దాకా వచ్చింది వేరే దారిలో. కోడ్ రాసి రాగాలు పలికించే సూపర్‌కొలైడర్‌ని లినక్స్‌లో సోర్స్ నుంచి బిల్డ్ చేస్తూ వచ్చాను.

ముందు ఆయన సంగతి. 1408లో రాజంపేట దగ్గర తాళ్లపాకలో పుట్టాడు. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. చిన్నప్పుడే ఇల్లు విడిచి కాలినడకన తిరుమల చేరాడంటారు. పదహారో ఏట, అంటే 1424లో, పాటలు మొదలుపెట్టాడని రాగిరేకు మీదే రాసుంది. అక్కణ్నుంచి 1503లో పోయేదాకా ఆపలేదు. డెబ్బై తొమ్మిదేళ్లు! అహోబిల మఠం శఠగోపయతి దగ్గర వేదాంతం చదివాడని, పెనుకొండలో సాళువ నరసింహరాయలు తన మీద పాట కట్టమంటే కాదన్నందుకు సంకెళ్లు పడ్డాయని మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. సంకెళ్లు ఊడిన కథ అందరికీ తెలిసిందే, దాటేస్తున్నా. భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది. ఆమె మీద మన పత్రికలో విడిగా ఒక వ్యాసం రావాలి, ఎవరైనా పూనుకోండబ్బా.

నన్ను పట్టుకున్నది ఆ ఇంటివాళ్లు పాటల్ని దాచిన పద్ధతి. కొడుకు పెద తిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించాడు. అవి తిరుమల గుడిలో సంకీర్తన భాండారం అనే చిన్న అరలో ఉండిపోయాయి. పాటలు ముప్పై రెండు వేలని చెబుతారు, దొరికినవి అందులో సగం కూడా లేవు. 1922 ప్రాంతంలో ఆ రేకులు మళ్లీ వెలుగులోకి వచ్చాయి. తాటాకుకు చెదలు పడుతుంది, రాగికి పట్టదు. బ్యాకప్ అంటే అదీ! పాట మొదట్లో రాగం పేరుంది. స్వరాలు మాత్రం లేవు.

ఇది ఎంత పెద్ద లోటో నాకు బిల్డ్ దగ్గరే అర్థమైంది. సూపర్‌కొలైడర్ రెపోని మామూలుగా క్లోన్ చేస్తే కొన్ని ఫోల్డర్లు ఖాళీగా వస్తాయి. పేరుంటుంది, లోపల సరుకుండదు. ఆ సబ్‌మాడ్యూళ్లను విడిగా తెచ్చుకోవాలి. తర్వాత సీమేక్ ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ లేదంటుంది. చూస్తే లైబ్రరీ సిస్టమ్‌లో ఉంటుంది. నడవడానికి అది చాలు, కంపైల్ చేయాలంటే హెడర్ ఫైళ్లు కావాలి. ఉబుంటు, డెబియన్‌లలో అవి డెవ్ అని చివర ఉండే వేరే ప్యాకేజీలో ఉంటాయి. జాక్, లిబ్‌సండ్‌ఫైల్ దగ్గరా ఇదే తంతు. తెర నిండా ఎర్రర్లు పడితే చివరిది కాదు, పైకి పోయి మొట్టమొదటిది చదవండి. మిగతావి చాలావరకు దాని పిల్లలే. అది సరిచేశాక కూడా మొండికేస్తే పాత సీమేక్ క్యాష్ తీసేసి మళ్లీ నడపండి.

ఇవన్నీ లేదని నోరు తెరిచి చెప్పే ఎర్రర్లు, కాబట్టి మంచివి. అసలు చిక్కు, పేరు అదే ఉండి లోపల మారిపోయిన లైబ్రరీతో. ఒక్కోసారి గమ్మున బిల్డ్ అయిపోతుంది, నడిపినప్పుడు తేడా కొడుతుంది.

ముఖారి అలాంటిదే. రేకుల మీద ఆ పేరుంది. 1550లో విజయనగరంలో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాసినప్పుడు ముఖారి శుద్ధ స్వరాల మేళం, ఇప్పటి లెక్కలో కనకాంగి. అన్నమయ్య కాలానికి దగ్గరి లెక్క అది. ఇప్పుడు కచేరీల్లో వినే ముఖారి ఖరహరప్రియ కుటుంబంలోది. రిషభం, గాంధారం, నిషాదం మూడూ జరిగిపోయాయి. దిగేటప్పుడు మాత్రం శుద్ధ ధైవతం ఇంకా వినిపిస్తుంది. కనకాంగిని 0, 1, 2, 5, 7, 8, 9 అని, ఖరహరప్రియను 0, 2, 3, 5, 7, 9, 10 అని అర్రేల్లో పెట్టి వాయించి చూడండి, ఒకదానికొకటి చుట్టం అనిపించవు.

పోనీ డాక్యుమెంటేషన్ ఉందా అంటే, అన్నమయ్య సంస్కృతంలో సంకీర్తన లక్షణం రాశాడు. అది దొరకలేదు. మనవడు చిన తిరుమలాచార్యులు చేసిన తెలుగు రూపం మిగిలింది. పదం ఎలా కట్టాలో అందులో ఉంది కానీ, ఫలానా పాట ఎలా పాడాడో లేదు.

అంటే మనం వినేవన్నీ దాదాపు ఇరవయ్యో శతాబ్దంలో కట్టిన వరసలు. మాట తాళ్లపాకది, వరస రాళ్లపల్లి అనంతకృష్ణశర్మదో, నేదునూరిదో, బాలకృష్ణప్రసాద్‌దో. పాట పెట్టేవాళ్లు చాలాసార్లు ఆ రెండో పేరు రాయరు, నాకు అదే కోపం. రాళ్లపల్లి మన సీమవాడే, 1893లో అనంతపురం జిల్లాలో పుట్టాడు. దేవస్థానంలో కూర్చుని రేకుల పాఠం పరిష్కరించాడు, వంద పైచిలుకు పాటలకు వరస కట్టాడు. 1979లో పోయాడు.