ఏమస్ సట్టన్: రాజ్యబలమును నమ్మని పాదిరి

యథా రాజా తథా ప్రజా యను లోకోక్తి మతవిషయమున చెల్లదనుటకు గంజాము మండలమే తార్కాణము. ఇంగ్లీషువారు రాజ్యమేలిరి గనుక క్రైస్తవమతము మన దేశమున వేరూనినదని పలువురు తలంతురు. ఆ యింగ్లీషు జాతివాడే యయ్యు, రాజ్యబలమును గాక దేవునినే నమ్మి పనిచేసిన ఏమస్ సట్టన్ పాదిరి చరిత్రము ఈ తలంపును సరిదిద్దగలదు. తెలుగువారు ఆయనను స్మరింపదగిన కారణము వేరొకటియు గలదు.

సట్టన్ 1802లో ఇంగ్లండునందలి సెవనోక్సున జన్మించెను. జనరల్ బాప్టిస్టు మిషను పక్షమున 1825లో ఉత్కళదేశము చేరెను. వచ్చిన కొలది మాసములకే భార్య షార్లెట్ పూరీలో మృతినొందెను. ఇరువదిమూడేండ్ల ప్రాయమున పరదేశమున ఏకాకియైనను ఆయన వెనుకకు మరలలేదు.

అప్పటి ప్రభుత్వము క్రైస్తవ ప్రభుత్వమను పేరేగాని మతబోధకులకు అండ కాదు. 1813 వరకు తూర్పుఇండియా కంపెనీ వారిని తన సీమలలో అడుగిడనిచ్చుటకే సందేహించెను. కంపెనీకి వలసినవి శాంతియు రాబడియు. 1803లో ఒరిస్సాను గెలిచిన పిమ్మట 1806లో నిబంధన చేసి జగన్నాథ యాత్రికులవద్ద పన్ను గైకొనుచుండెను. సట్టన్ సహచరుడగు జేమ్స్ పెగ్స్ మొదలగువారు దీనిని ఖండించిరి. వారు తమ బోధకు సిపాయిల కాపు కోరలేదు. ప్రభుత్వము దేవాలయ వ్యవహారమునుండి చేయి తీయవలెనని మాత్రమే కోరిరి. 1840లో ఆ పన్ను రద్దయ్యెను. జగన్నాథుని సేవను గూర్చి వారు వ్రాసిన పరుషవాక్యములను మేము మెచ్చము. కాని ఏ మతమైనను రాజు చేతిలో పనిముట్టు కారాదన్న వారి వాదము న్యాయమైనది. పన్ను తొలగుటచే హిందూ యాత్రికునికే మేలు కలిగెను గదా.

ఉత్కళమున ఈ మిషను 1822లో స్థాపింపబడెను. 1827 చివరివరకు దేశీయులలో ఒక్కరును బాప్తిస్మము పొందలేదు. ఆ యేట డిసెంబరు 25వ తేదీన, పట్టునేతకు పేరొందిన బరంపురమున, విలియం బాంప్టన్ పాదిరి ఒకనికి బాప్తిస్మమిచ్చెను. ఉత్కళ మిషనునకు తొలిఫలమైన ఆ మనుష్యుడు ఒరియావాడు కాడు, తెలుగు నేతగాడు. మిషను వ్రాతలలో ఏరున్ అని కనబడు ఆ పేరు మన ఎర్రన్నయే యని తలంతుము. మతము మారినవానికి పిత్రార్జితమునందు హక్కు నిలుపు శాసనము 1850లోగాని రాలేదు. కావున ఆ నేతగాడు రాజ్యము చూచి చేరెననుట పొసగదు.

సట్టన్ కార్యక్షేత్రమునకు దక్షిణమున తెలుగుదేశము విస్తరించియుండెను. దానికి బోధకులను పంపు స్తోమతు ఆయన మిషనునకు లేకుండెను. 1833లో ఆయన అమెరికాకు వెడలెను. ఆయన రెండవ భార్య ఎలిజబెత్తు, బర్మా మిషనులో పనిచేసి గతించిన జేమ్స్ కోల్మన్ అను అమెరికా పాదిరి వితంతువు. ఆమె దేశీయులగు బాప్టిస్టులకు సట్టన్ తెలుగువారిని గూర్చి విన్నవించెను. తత్ఫలితముగా 1835లో శామ్యూల్ డే పాదిరి బయలుదేరి, విశాఖపట్టణము, శ్రీకాకుళము, చెన్నపట్టణములలో ఉండి 1840లో నెల్లూరున నిలిచెను. ఈ దేశమున అమెరికావారికి సేన లేదు, సర్కారు లేదు. ఫలము కానరాక నెల్లూరు మిషనును మూసివేయుదమా యని 1853లో వారు తర్కించిరి, తుదకు ఉంచిరి. మరుసటి యేడు సట్టన్ కటకమున కన్నుమూసెను.

ఇరువదినాలుగేండ్లకు 1878లో, ధాత కరవు వెనుక, ఒంగోలు ప్రాంతమున జాన్ క్లౌ పాదిరి ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మము జరిపించెను. అన్నమునకై వచ్చిరను అపవాదు రాకుండుటకై కరవుకాలమంతయు ఆయన బాప్తిస్మములను ఆపియుంచెను. ధనబలమును సైతము నమ్మరాదను వివేకమిది.

రాజ్యబలము వ్యర్థమని మేమనుట లేదు. గంజాము మన్యమున మెరియా బలికి ఉంచబడిన బిడ్డలను విడిపించినది ప్రభుత్వమే. కాని విడిపింపబడిన వారిని బరంపురమున, కటకమున చేరదీసి పెంచినవి మిషను శరణాలయములు. ప్రాణము కాపాడుట రాజు విధి. హృదయమును మార్చుట ఆతని వశము కాదు. సట్టన్ నమ్మినది ఈ భేదమునే. ఆయన ఒరియా వ్యాకరణమును, మూడు సంపుటముల నిఘంటువును, ఒరియా బైబిలును రచించి మిగిల్చిపోయెను.

బరంపురము 1936 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరెను. 1947లో ఇంగ్లీషు ప్రభుత్వమే వెడలిపోయెను. ఏలికలు మారిరి, ఎల్లలు మారెను. బరంపురపు క్రైస్తవసంఘము నేటికిని నిలిచియున్నది. దొరతనమే దానికి మూలమైనచో దొరలతోనే అంతరించియుండవలెను గదా. ఏ మతస్థులైనను, తమవారు అధికారమున నున్నప్పుడు ముఖ్యముగా, తలపోయదగిన సంగతి యిది.