శనివారపు సాయంకాలము

క్రొత్త గ్రామములలో సంఘములు స్థాపించువారు ఒంటరిగా నిలువజాలరని విలియం కేరీగారి జీవితమువలన మనము నేర్చుకొనుచున్నాము.

ఇంగ్లండులో 1761లో జన్మించిన ఆయన చెప్పులు కుట్టి బ్రతికి, బోధకుడై, 1793లో బంగాళమునకు వచ్చెను. మొదటి ఆరేండ్లు కన్నీటి కాలము. 1794లో కుమారుడు పీటరు మరణించెను. భార్య డోరతీగారికి మతి చలించెను. ఈ దేశస్థుడొక్కడైనను ఆయనచేత బాప్తిస్మము పొందలేదు.

1800 జనవరిలో ఆయన శ్రీరాంపూరు చేరి, మార్ష్‌మన్, వార్డుగార్లు మొదలగువారితో ఒకే కుటుంబముగా కాపురముండెను. పలువురున్న యింట మాటపట్టింపులు రాక మానవు గదా! గనుక వారు కొద్ది దినములలోనే ఒక నియమము చేసికొనిరి. ప్రతి శనివారము సాయంకాలము కూడి, తమలో కలిగిన భేదములను సరిచేసికొని, ఒకరినొకరు ప్రేమింతుమని మరల మాట యిచ్చుకొనవలెను. ప్రసంగము, ప్రార్థన వంతులవారీగా జరిగెను. ఇంటి పెత్తనము నెలకొకరిది.

ఆ డిసెంబరు 28న కృష్ణపాల్ బాప్తిస్మము పొందెను. 1812లో ముద్రణాలయము కాలిపోయినను ఆ ముగ్గురు చెదరలేదు. 1818లో మన తెలుగు క్రొత్త నిబంధన అచ్చటనే అచ్చుపడెను. తరువాత వచ్చిన యౌవనులు కొందరు వేరైపోయిరి. ఆ ముగ్గురి స్నేహము మాత్రము మరణమువరకు నిలిచెను. కేరీగారు 1834లో ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, మన సువార్తికుడు దూరపు పల్లెలో ఒంటరిగా నున్నాడా? చుట్టుప్రక్కల పనిచేయు నలుగురిని వారమునకొకసారి ఒక యింట కూర్చుదము. లెక్కలడుగుటకు కాదు, భారము పంచుకొనుటకే. ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయము చదివి, ప్రొద్దు గ్రుంకకముందే సమాధానపడుదము.