చూపుతో భూమిని తూచిన మౌని

నేడు ఫ్రాన్సులో ఉన్న నీస్ నగరంలో 1731 అక్టోబరు 10న ఒక ఆంగ్ల ప్రభువంశంలో హెన్రీ కావెండిష్ జన్మించారు. పసితనంలోనే మాతృవియోగం కలిగింది. కేంబ్రిడ్జిలో కొన్నేళ్లు చదివి పట్టా పుచ్చుకోకుండానే వెనుదిరిగారు. 1766లో, మండే స్వభావం గల వాయువును ప్రత్యేక పదార్థంగా నిరూపించి ఖ్యాతి గడించారు. అదే నేటి హైడ్రోజన్.

అపార ధనవంతుడైనా ఆయనకు మనుషులంటే బెరుకు. పరిచారికల ఎదుట పడలేక, భోజనంలోకి ఏమి కావాలో చీటీపై వ్రాసి ఉంచేవారు. పాతకాలపు కోటునే ధరించేవారు. ఆయనతో మాట్లాడదలచిన వారు ముఖం చూడక, శూన్యంలోకి చూస్తూ పలకడమే మేలని మిత్రులు గ్రహించారు. మన ఊళ్లలో ఇటువంటి బిడ్డ పుడితే పొగరనో, మందమతి అనో అనేయడం పరిపాటి.

ఆ చూపు మనుషుల ముఖాలపై నిలిచేది కాదు. వస్తువులపై మాత్రం చెదిరేది కాదు. జాన్ మిచెల్ అనే పండితుడు రూపొందించి, వాడకముందే మరణించిన యంత్రం కావెండిష్ చేతికి వచ్చింది. ఆరడుగుల కర్ర రెండు కొసలకూ చిన్న సీసపు గుండ్లు. మధ్యలో సన్నని తీగతో వ్రేలాడదీత. సుమారు 158 కిలోల పెద్ద గుండ్లను దగ్గరకు తెస్తే, వాటి ఆకర్షణకు కర్ర అతిస్వల్పంగా జరుగుతుంది. మనిషి ఒంటి వేడికి గాలి కదిలినా ఫలితం చెడుతుంది కనుక, ఆయన గదిని మూసివేసి, గోడకున్న రంధ్రాలలో దుర్భిణులు అమర్చి బయటినుండే చూసేవారు. అంగుళంలో నూరవ వంతు జరుగుబాటు సైతం గుర్తించారు. 1798లో, భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లని ప్రకటించారు. నేటి లెక్క 5.51. అయితే సగటు తీయడంలో చిన్న పొరపాటు దొర్లిందని, అది 5.45 కావాలని తరువాత ఫ్రాన్సిస్ బెయిలీ పట్టుకున్నారు!

2001లో వైద్యుడు ఆలివర్ శాక్స్, కావెండిష్‌లో ఆటిజం కోవకు చెందిన లక్షణాలున్నాయని వాదించారు. గతించినవారికి రోగనిర్ణయం చేయడం సాహసమే. అది ఊహగానే మిగులుతుంది. 1983లో షా, ఫ్రిత్ అనే పరిశోధకులు, పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారాన్ని కనిపెట్టడంలో ఆటిజం గల పిల్లలు చురుకని తేల్చారు. తరువాతి పరిశోధనల్లో ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు.

కావెండిష్ 1810 ఫిబ్రవరి 24న మరణించారు. 1785లో ఆయన గాలిలోని నత్రజనిని పదేపదే విద్యుత్తుతో హరింపజేయగా చివర ఒక చిన్న బుడగ మిగిలింది. అది మొత్తంలో 120వ వంతుకు మించదని వ్రాసిపెట్టారు. ఆ బుడగ ఆర్గాన్ అని 1894లో గాని లోకానికి తెలియలేదు.